సరుగుడు స్తంభాల నడుమ

నేను 1969లో పుట్టేనాటికి మన ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది. నాకు ఏడాది నిండీ నిండకముందే, 1970 ఫిబ్రవరి 2న, గుంటూరు నుంచి చీరాల, అద్దంకి, ఒంగోలు ప్రాంతాలను, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి వైపును, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపును తీసి కొత్త జిల్లా కట్టారు. రెండేళ్ల తరువాత దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మనం బాపట్ల జిల్లా వాళ్లమయ్యాము. ఊరు ఉన్నచోటే ఉంది, బడి వెనక మైదానం కూడా ఉన్నచోటే ఉంది. అక్కడ ఆడే పిల్లలు ఏ ఊళ్ల పిల్లలతో తలపడాలో, గెలిస్తే ఏ జిల్లా పేరు మోయాలో మాత్రం మారుతూ వచ్చింది. మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మన ఖోఖో జట్టు గురించే రాయాలనిపించింది. ఆ జట్టు దాదాపు లేకుండా పోయి, పొరుగూరి బడితో కలిసి ఈ మధ్యనే మళ్లీ నిలబడింది. ఆ కలయికను మొదట గట్టిగా వ్యతిరేకించిన వాళ్లలో నేనూ ఉన్నాను కనుక, జరిగినది జరిగినట్టు చెప్పవలసిన బాధ్యత కూడా నా మీద ఉంది.

మా రోజుల్లో మైదానం ఇప్పటిలా చదునుగా ఉండేది కాదు. మనది ఇసుక నేల, అడుగు వేస్తే కూరుకుపోతుంది. వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన మొదటి వారంలోనే డ్రిల్లు మాస్టారు మా చేత చెరువు మట్టి మోయించి, ఇసుక మీద పరిపించి, నీళ్లు చల్లించి, దిమ్మిసతో కొట్టించేవారు. స్తంభాలు సముద్రం ఒడ్డు తోటల నుంచి తెచ్చిన సరుగుడు దుంగలు. బెరడు చెక్కి, గాజుపెంకుతో నున్నగా గీకి గాని వాటిని పాతనిచ్చేవారు కాదు. నిండు పరుగులో స్తంభాన్ని ఒంటి చేత్తో పట్టుకుని తిరిగేటప్పుడు అరచేతిలో పేడు దిగితే ఆ వారం ఆట పోయినట్టే. మోకాలు చెక్కుకుపోతే గట్టున మొలిచిన గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండుకోవడమే మాకు తెలిసిన వైద్యం.

జట్టులో సగం మంది మగ్గాల ఇళ్ల పిల్లలు. తెల్లవారుజామునే లేచి రాట్నం మీద కండెలు చుట్టి, నాన్న గుంటలోకి దిగి మగ్గం మొదలుపెట్టేందుకు సరిపడా పేర్చిపెట్టి, అప్పుడు మైదానానికి పరుగెత్తుకొచ్చేవారు. వేళ్లకు నూలు పీచు ఇంకా అంటుకునే ఉండేది. మిగిలిన వాళ్లం ఒక్క నిమిషం ఆలస్యమైనా మైదానం చుట్టూ పది చుట్లు తిరగవలసిందే గాని, వాళ్లు ఎంత ఆలస్యంగా వచ్చినా మాస్టారు పల్లెత్తు మాట అనేవారు కాదు. అది పక్షపాతమని అప్పట్లో మాకు కోపంగా ఉండేది. వాళ్లు మాకంటే రెండు గంటల ముందే నిద్ర లేచారన్న సంగతి ఆలోచించేంత వయసు మాకు అప్పుడు లేదు.

అప్పటి పోటీలను గ్రిగ్ పోటీలు అనేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి ఆ పేరు మా దాకా అలాగే వచ్చింది. బడి జట్టు బడి జట్టుతోనే తలపడేది, గెలిచిన బడి తన పేరుతోనే పై పోటీలకు వెళ్లేది. 1983లో ఫైనల్లో మాకు ఎదురైంది పొరుగూరి హైస్కూలు. చివరి నిమిషంలో మా ఛేజర్ వాళ్ల రన్నర్‌ను తాకాడు. తాకే ముందే అతని కాలు మధ్య గీత దాటిందని రిఫరీ ఈల వేశారు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాము. ఆ ఛేజర్‌ను నేనే. కాలు దాటిందో లేదో నాకు ఈనాటికీ నిశ్చయంగా తెలియదు. కానీ ఆ తరువాత చాలా ఏళ్లపాటు ఆ ఊరి బస్టాపులో దిగడానికి కూడా నాకు మనసొప్పేది కాదు. మా జట్టులో అందరిదీ ఇంచుమించు అదే పరిస్థితి.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. క్రమంగా ఆటల కట్టుబాటు కూడా మారిపోయింది. ఇప్పుడు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పద్ధతిలో 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలు ఉన్నాయి. మండలంలో, ఆపై నియోజకవర్గంలో, ఆపై జిల్లాలో ఎంపికలు జరుగుతాయి. ఒక బడి నుంచి వెళ్లిన పన్నెండు మందిలో ఇద్దరో ముగ్గురో ఎంపికైతే, వాళ్లను మిగతా బళ్ల పిల్లలతో కలిపి జట్టు కడతారు. పరుగుపందానికి, లాంగ్ జంపుకు ఇది న్యాయమైన పద్ధతి, ఎందుకంటే అక్కడ ఎవరి కాళ్లు వాళ్లవి. ఖోఖో అలాంటిది కాదు. వెనక నుంచి ఖో పడకముందే, పరుగెత్తి వస్తున్న మనిషి అడుగుల చప్పుడును బట్టి తన వంతు వచ్చిందని కూర్చున్నవాడికి తెలియాలి. ఆ తెలివిడి ఒకే మట్టిలో నెలల తరబడి కలిసి పడి లేచిన వాళ్లకే వస్తుంది. నిన్న ఎంపికై నేడు మొదటిసారి ఒకరి పేరొకరు అడుగుతున్న పన్నెండు మందిని జట్టు అని పిలవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంది.

అయితే ఎంపికల దాకా వెళ్లడానికి అసలు పిల్లలు ఉండాలి కదా. మా పదో తరగతిలో రెండు సెక్షన్లు, ఒక్కో దానిలో నలభై మందికి పైమాటే. 2023లో నేను బడికి వెళ్లినప్పుడు పదో తరగతి మొత్తం ఇరవై రెండు మంది. ఉదయం ఏడింటికే ప్రైవేటు బళ్ల పసుపు బస్సులు ఊళ్లోకి వచ్చి పిల్లలను ఎక్కించుకుపోతున్నాయి. చురుకైన పిల్లలు ఐదో తరగతికే గురుకులాల ప్రవేశ పరీక్ష రాసి వెళ్లిపోతున్నారు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు నాకు లేదు, నా పిల్లలను నేను చదివించినదీ ఊరు విడిచిపోయాకే. పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దుబాటు చేస్తారు కనుక, సంఖ్య పడిపోయాక మన బడికి వ్యాయామ ఉపాధ్యాయుడు కూడా లేకుండా పోయారు. ఆటల పీరియడు పేరు టైంటేబులులో ఉండేది, ఆ గంటలో లెక్కలు చెప్పేవారు. ఖోఖో జట్టుకు పన్నెండు మంది కావాలి, ఆడేవాళ్లు తొమ్మిది, బయట ముగ్గురు. కానీ సాధన చేయాలంటే ఎదుటి పక్షం కూడా ఉండాలి. అంటే పదిహేనుకు పైగా పిల్లలు రోజూ మైదానానికి వస్తే గాని ఆట నేర్పడం సాధ్యం కాదు. మన బడిలో ఆడతామని ముందుకు వచ్చిన ఆడపిల్లలు ఏడుగురు.

పొరుగూరి బడి కష్టం మరో రకం. అక్కడ వ్యాయామ ఉపాధ్యాయురాలు ఉన్నారు, ఆమె స్వయంగా ఖోఖో ఆడిన మనిషి. పిల్లలు తొమ్మిది మంది ఉన్నారు. మైదానమే లేదు. అదనపు తరగతి గదులు కట్టగా మిగిలిన స్థలంలో ప్రార్థనకు నిలబడితేనే మోచేతులు తగులుతాయి. ఒక బడికి నేల ఉండి నేర్పే మనిషి లేకపోవడం, రెండో బడికి నేర్పే మనిషి ఉండి నేల లేకపోవడం, రెంటికీ నడుమ దూరం మూడు కిలోమీటర్లు. రెండు బళ్ల ప్రధానోపాధ్యాయులు మాట్లాడుకుని, ఉదయం పూట పిల్లలందరికీ మన మైదానంలో ఉమ్మడిగా సాధన పెడదామనుకున్నారు. 2024 సంక్రాంతికి మన పూర్వ విద్యార్థులం కలుసుకున్నప్పుడు ఆ విషయం సభ ముందుకు వచ్చింది.

ఆ రోజు నేను లేచి ఏం మాట్లాడానో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన మైదానంలో మనం మోసిన మట్టి ఉందని, అందులో వాళ్ల జట్టును తయారు చేయడమేమిటని, పదేళ్ల తరువాత మన బడికి ఖోఖో జట్టు ఉండేదని ఎవరికీ తెలియకుండా పోతుందని అన్నాను. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఒక పెద్దాయన మాత్రం, ఏడుగురు పిల్లల్ని మైదానం గట్టు మీద కూర్చోబెట్టి మన పేరు కాపాడుకుందామా అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. తీర్మానం నెగ్గింది.

ఆ జూలైలో పని మీద ఊరికి వచ్చినప్పుడు, చూద్దామని తెల్లవారగానే మైదానానికి వెళ్లాను. పొరుగూరి పిల్లలు సైకిళ్ల మీద, ఒక్కో సైకిలుకు ఇద్దరు చొప్పున వచ్చారు. గంటసేపు చూసి కూడా రెండు ఊళ్ల పిల్లలు ఇంతగా ఎలా కలిసిపోయారో నాకు అర్థం కాలేదు. చివరికి పొరుగూరి వ్యాయామ ఉపాధ్యాయురాలు మేడమ్ గారే చెప్పారు. మొదటి రెండు వారాలు మన పిల్లలు మన పిల్లలకే, వాళ్ల పిల్లలు వాళ్ల పిల్లలకే ఖో ఇచ్చుకునేవారట. రన్నర్ ఎదుటనే ఉన్నా పక్క ఊరి అమ్మాయిని దాటి రెండు గళ్లు ముందుకు పోయి తమ స్నేహితురాలికి ఖో ఇచ్చేవారట. ఆమె ఎవరినీ మందలించలేదు. కూర్చునే వరసను మార్చారు, అంతే. ఖోఖోలో గళ్లలో కూర్చున్న ఎనిమిది మందీ ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి కూర్చుంటారు. ఖో వెనక నుంచి ఇవ్వాలి, ఖో అందుకున్నవాళ్లు తాము చూస్తున్న వైపుకే లేచి పరుగెత్తాలి. ఆమె మన పిల్లలు నలుగురినీ తూర్పు ముఖంగా, పొరుగూరి పిల్లలు నలుగురినీ పడమటి ముఖంగా కూర్చోబెట్టారు. తూర్పుకు లేచిన అమ్మాయికి వీపు చూపిస్తూ కూర్చున్నవాళ్లు పడమటి ముఖం వాళ్లే కనుక, స్తంభం చుట్టి అవతలికి పోతే తప్ప, ఆట మొదట్లో ఖోలు ఎక్కువగా ఒక బడి చేతి నుంచి రెండో బడి వీపు మీదికే వెళతాయి. 

నేను చూసేనాటికి అది వాళ్లకు అలవాటైపోయింది. మన బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒక సన్నపాటి అమ్మాయి ఖో అరుస్తూ చెయ్యి తగిలించీ తగిలించకముందే, ఎదుటి బడి అమ్మాయి నేల మీద ఆనించిన వేళ్లను తోసుకుని లేచి రెండడుగుల్లో రన్నర్‌ను అందుకుంది. ఎవరు ఏ ఊరి పిల్లో అడిగితే గాని నాకు తెలియలేదు. మా మాస్టారు ఉంటే ఈ కూర్చోబెట్టే తీరును చూసి ఎంత సంతోషించేవారో అనుకున్నాను.

ఆ ఏడు మండల ఎంపికల్లో పన్నెండు మందిలో ఏడుగురు ఈ మైదానంలో సాధన చేసిన పిల్లలే నిలిచారు. కొత్తగా కట్టిన జట్టు అయినా అందులో ఏడుగురికి ఒకరి అడుగు ఒకరికి తెలుసు. నియోజకవర్గ పోటీల్లో ఆ తేడా స్పష్టంగా కనిపించింది. జిల్లా జట్టు దాకా వెళ్లింది ఒక్క అమ్మాయే, పొరుగూరి బడి పిల్ల. ఆ అమ్మాయి ఫోటోను మన బడి నోటీసు బోర్డు మీద కూడా అంటించారు. ఇది మన ప్రధానోపాధ్యాయుల వారు ఎవరూ అడగకుండా చేసిన పని. ఆ అమ్మాయి ఆధార్ కార్డులో బాపట్ల జిల్లా అని ఉంటుంది, పేపరులో వచ్చిన ఎంపికల వార్తలో ఉమ్మడి ప్రకాశం జిల్లా అని ఉంది. పరిపాలనలో జిల్లాలు విడిపోయినా ఆటల్లో ఉమ్మడి అనే మాట ఇంకా నడుస్తూనే ఉంది. పెద్ద జిల్లాలో పోటీ గట్టిగా ఉంటుందనేవారున్నారు. పంగులూరు లాంటి ఖోఖో ఊళ్ల పిల్లలతో ఆడి ఓడిపోయినా నేర్చుకునేది చాలా ఉంటుందన్నదీ నిజమే. కానీ ఒక జట్టులో పన్నెండు చోట్లే ఉంటాయి. జిల్లాల పటం మారినట్టే ఆటల పటం కూడా మారితే, ఒక్క జట్టు ఉన్నచోట రెండు జట్లు ఉంటాయి, ఇప్పుడు పదమూడో స్థానంలో ఆగిపోతున్న అమ్మాయికి చోటు దొరుకుతుంది. పైగా ఒంగోలు వెళ్లి రావాలంటే ఒక పూట పోతుంది, బాపట్ల మనకు పక్కనే. నేను పిల్లల సంఖ్య వైపే మొగ్గుతాను.

2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్‌ను ఈ పిల్లలు మేడమ్ గారి ఫోనులో చూశారు. మన పురుషుల జట్టూ మహిళల జట్టూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి రెండు కప్పులూ గెలిచాయి. పురుషుల జట్టులో ప్రకాశం జిల్లాకు చెందిన పోతిరెడ్డి శివారెడ్డి ఉండడంతో, మరుసటి ఉదయం మైదానానికి కొత్తగా నలుగురు మగపిల్లలు వచ్చారు. అయినా మగపిల్లల ఉమ్మడి జట్టు ఇంకా కుదరలేదు. వాళ్లలో చాలామందికి క్రికెట్ మీదే మనసు, పదో తరగతి వాళ్లకు ఉదయం ప్రత్యేక తరగతులు. ఆడపిల్లలను చీకటితో పంపడానికి ఇష్టపడని తల్లులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల కోసం సీజన్ నాలుగు నెలలూ ఒక ఆటో మాట్లాడాము. దాని ఖర్చు రెండు బళ్ల పూర్వ విద్యార్థులూ చెరిసగం భరిస్తున్నారు. జెర్సీ మీద ఏ బడి పేరు ముందు ఉండాలన్నది మాత్రం పెద్దవాళ్ల మధ్య ఇంకా తేలలేదు. అది తేలేదాకా పిల్లలు అంకెలు మాత్రమే ఉన్న జెర్సీలతో ఆడుతున్నారు.

కిందటి వానల్లో ఒక స్తంభం మొదలు చివికి ఒరిగిపోయింది. కబురు అందిన మూడో రోజున పొరుగూరి వాళ్లు ట్రాక్టరు మీద ఒక సరుగుడు దుంగ తెచ్చి మైదానంలో దించారు. దాన్ని తోలుకొచ్చిన మనిషి 1983 ఫైనల్లో నేను తాకిన రన్నర్. జుట్టు పూర్తిగా నెరిసింది గాని, భుజం కొంచెం వంచి నడిచే తీరు మారలేదు. ఇద్దరం కూర్చుని బెరడు చెక్కాము, గాజుపెంకు దొరక్క పాత కొడవలి మొనతోనే నున్నగా గీకాము. ఆ ఫైనల్ మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. ఎత్తు కొలిచి, గుంతలో నిలబెట్టి, చుట్టూ కంకర దట్టించేసరికి ఆరున్నర కావచ్చింది. ఒక కొసన నల్లబడిన పాత స్తంభం, మరో కొసన ఎర్రటి కొత్త స్తంభం. దారి మీద సైకిళ్ల గంటలు వినిపించాయి.