14 మంది, 140 నిమిషాలు

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు ఒక కేర్ హోమ్‌లో ఉన్నాను. ఎముక బాగానే అతుక్కుంది. నా ప్రాణం మీదికి తెచ్చింది నడుము కింద పడిన పుండు.

మొదట చిన్న ఎర్రటి మచ్చే. "మేడమ్, పెద్దమ్మకి ఇక్కడ ఎర్రబడింది, వేలితో నొక్కినా తెల్లబడటం లేదు" అని పగటి ఆయా మేనేజర్‌కి చెప్పింది. "ముసలి ఒళ్లు అలాగే ఉంటుంది. ప్రతిదానికీ కంగారుపడితే ఎలా?" అందావిడ, నా మంచం పక్కనే నిలబడి. నాకు విరిగింది ఎముక, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నొక్కినా తెల్లబడని ఎరుపు పడక పుండుకు మొదటి దశ అని, అప్పుడే ఆ చోట బరువు పడకుండా చూస్తే చాలావరకు అక్కడితో ఆగుతుందని తర్వాత హాస్పిటల్లో నర్సు చెప్పింది.

పదిరోజులకు ఆ రాత్రి వచ్చింది. పళ్లు టకటకలాడేంత చలి. బెల్ నొక్కాను. తలుపు మీద లైటు వెలిగింది, ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కాను. వరండా చివర ఒక పెద్దాయన కూడా పిలుస్తూనే ఉన్నాడు. "వస్తుందిలేమ్మా, పాపం ఒక్కతేగా" అంది పక్క మంచం ఆవిడ. తర్వాత నాకేమీ గుర్తులేదు. బడికి టైమవుతోందంటూ మా అబ్బాయిని లేపుతున్నానట. వాడికి నలభై ఏళ్లు.

రాత్రి ఆయా వచ్చి, నా ఊపిరి వేగం చూసి, పొంతనలేని మాటలు విని భయపడింది. మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. అడగకుండా అంబులెన్స్ పిలవకూడదని అక్కడ రూలు. అయినా పిలిచింది. పుండు నుంచి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది, సెప్సిస్ అన్నారు డాక్టర్లు. దేవుడు ఆ రాత్రి ఆ అమ్మాయి చేతుల్లో ఉన్నాడని నేను నమ్ముతాను.

యాంటీబయాటిక్స్, డ్రెస్సింగులు, గాలి పరుపు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈలోగా జీతం కోసింది ఆ అమ్మాయికే. రెండు గంటలకోసారి నన్ను పక్కకు తిప్పినట్టు చార్టులో ఆమె సంతకాలున్నాయి, తిప్పలేదు కాబట్టి తప్పు ఆమెదే అన్నారు. నిజమే, తిప్పలేదు. సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఉండదు మరి. ఆ అంతస్తులో తమంతట తాము కదల్లేని వాళ్లం 14 మందిమి. తిప్పి, శుభ్రం చేసి, దుప్పటి సర్దడానికి ఒక్కొక్కరికి 10 నిమిషాలైనా కావాలి. అంటే 140 నిమిషాలు. రెండు గంటలకు 120 నిమిషాలే. పైగా ఇద్దరు పట్టుకుని చేయాల్సిన పని అది. నడుముకి బెల్టు కట్టుకుని ఆమె ఒక్కతే చేసేది, పన్నెండు గంటల డ్యూటీలో.

మీవాళ్లు అలాంటి చోట ఉంటే ముందు రాత్రిపూట ఎంతమంది ఆయాలుంటారో అడగండి. వెళ్లినప్పుడల్లా దుప్పటి తీసి మడమలు, తుంటి పక్కలు, నడుము కింద చూడండి. మొహమాటపడకండి. పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే వయసని వదిలేయకుండా డాక్టరుకి చూపించండి.

నేను ఫిర్యాదు రాశాను. బాధ్యులెవరు అన్నచోట ఆ అమ్మాయి పేరు రాయమన్నారు. రాయలేదు. 14 మంది, 140 నిమిషాలు, ఒక్క మనిషి అని రాసి సంతకం పెట్టాను.