రీమ్యాప్ చేసిన కారుకి ఏ పెట్రోలు? బెజవాడ ఎండలో నా అనుభవం

నా పోలో జీటీ టీఎస్‌ఐ కారుకి రీమ్యాప్ (ఇంజన్ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలోని సెట్టింగులు మార్చడం) చేయించేటప్పుడు, ఆ పని చేసే ట్యూనర్ దగ్గర రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి 98 ఆక్టేన్‌కి రాసింది, రెండోది 95కి. 98 దాంట్లో బూస్టూ (టర్బో ఇంజన్లోకి నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కువే, ఇగ్నిషన్ టైమింగూ (ప్లగ్గు ఎంత ముందుగా నిప్పురవ్వ వెయ్యాలన్నది) ఎక్కువే. ముందు అదే ఎక్కించమన్నాను, బండి నడిపినప్పుడు ఈసీయూ ఇచ్చే లెక్కలు, అంటే లాగ్‌లు చూశాకే ఖాయం చేసుకుంటానని చెప్పి.

ఆక్టేన్ పెరిగితే పెట్రోల్లో బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది బలం లెక్క కాదు. సిలిండర్లో ఒత్తిడికీ వేడికీ తనంతట తాను అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే అంకె. ఓర్చుకోలేకపోతే నాకింగ్. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు సన్నగా వస్తుంది, అద్దాలెత్తి ఏసీ వేసుకుంటే అదీ వినపడదు. నాక్ సెన్సర్ మాత్రం పట్టేస్తుంది. వెంటనే ఈసీయూ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, అంటే నిప్పురవ్వని ఆలస్యం చేస్తుంది. ఎన్ని డిగ్రీలు లాగిందన్నదే నాకు కావాల్సిన లెక్క.

అమెరికాలో ఉన్న మా బావ ఫోన్లో, "నేను 93 కొట్టిస్తేనే ప్రీమియం అంటారు, నీకు 95 చాలదేంట్రా?" అన్నాడు. ఆక్టేన్ కొలవడానికి రాన్, మాన్ అని రెండు పద్ధతులున్నాయి. వాళ్ళ పంపు మీద అంకె ఆ రెండింటి సగటు. మనది రాన్ ఒక్కటే. వాళ్ళ 93 మన లెక్కలో 98 దాకా ఉంటుంది.

ఈసీయూ లెక్కలు చదివే ఓబీడీ స్కానరు తగిలించి, మంగళగిరి దాటాక ఖాళీగా ఉన్నచోట మూడో గేరులో పూర్తిగా తొక్కి చూశాను. ట్యాంకులో 95 ప్రీమియం. తెల్లవారుజామున ఈసీయూ టైమింగ్‌ని రెండు డిగ్రీలు వెనక్కి లాగింది. అదే మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నానా తిప్పలు పడి అక్కడికి వెళ్తే, ఇంజన్లోకి పోయే గాలే 60 డిగ్రీలు దాటింది. మూడో సిలిండర్లో టైమింగ్‌ని ఐదు డిగ్రీలు లాగింది. పెట్రోలు అదే, ఫైలూ అదే. ఎండ ఒక్కటే తేడా.

హైదరాబాద్ పనిమీద వెళ్ళినప్పుడు ట్యాంకు అడుగంటాక ఎక్స్‌పీ100 అనే 100 ఆక్టేన్ పెట్రోలు నింపించాను. మిగిలిన పాత పెట్రోలు కలిస్తే ఆక్టేన్ తగ్గిపోతుంది, అందుకే అడుగంటేదాకా ఆగాను. తిరిగొచ్చి మధ్యాహ్నమే లాగ్ తీస్తే టైమింగ్ వెనక్కి లాగడం దాదాపు పోయింది. 98 ఫైలు బాగానే ఉంది, దానికి తగ్గ పెట్రోలు నేను రోజూ తిరిగే దారిలో లేదు.

ఆక్టేన్ బూస్టర్ సీసాలూ చూశాను. సీసా మీద రాసే పాయింట్లలో పది కలిస్తే ఒక ఆక్టేన్. వాటిమీద డబ్బు పెట్టబుద్ధి కాలేదు.

ఆటోనగర్‌లో మా మేస్త్రీ లాగ్ చూసి, "రోజూ కొట్టించే పెట్రోలుకి ఇంజన్ని కుదుర్చుకో బాబూ. ఇంజన్ కోసం పెట్రోలు వెతుక్కుంటూ ఎన్నాళ్ళని తిరుగుతావ్?" అన్నాడు. ఆయన మాటే సబబనిపించి 95 ఫైలు ఎక్కించుకున్నాను.

పికప్‌లో కొంచెం తగ్గింది, నిజమే. కానీ ఎండలోనూ పొద్దున్నా ఒకేలా లాగుతోంది బండి. నాక్ వల్ల టైమింగ్ తగ్గడం మధ్యాహ్నం కూడా ఒక డిగ్రీ దాటట్లేదు. ఈ ఫైలు మీద 100 పోసి కూడా చూశాను, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫైలు అడగని టైమింగ్ ఎక్కడినుంచి వస్తుంది? ప్లగ్గులు ఇంకో మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలించుకునేవి) వేయించాలా వద్దా అన్నది మేస్త్రీతో మాట్లాడుతున్నాను.