తమ్ముడి నోటుపుస్తకం

రాత్రి పదకొండింటికి నల్లగొండ గడియారం సెంటర్‌లో బస్సు దిగిన తమ్ముడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. హైదరాబాద్‌లో వీడియో గేములు పరీక్షించే ఉద్యోగం వాడిది. అమ్మ పెట్టిన జొన్నరొట్టె సగంలో వదిలేసి, నాకు తన నోటుపుస్తకం చూపించాడు. గోడలోంచి నడిచిపోయే మనిషి, మెట్ల దగ్గర ఆగిపోయే ఆట... ఒక్కో లోపం పక్కన అది దొరికిన తేదీ. చాలావాటికి ఎదురుగా ‘విడుదల తర్వాత చూద్దాం’ అని పైవాళ్ల జవాబు. ఇప్పుడు ఆ గేము కొన్నవాళ్లంతా పరీక్షించినవాళ్లకు కళ్లు లేవా అని తిడుతున్నారు.

నా కడుపు రగిలిపోయింది. 2020 డిసెంబరు 10న వచ్చిన సైబర్‌పంక్ 2077 గుర్తొచ్చింది. ఆ ఏడాదే మూడుసార్లు వాయిదా పడ్డ గేము అది. సోనీ వాళ్ల ఆటల యంత్రం ప్లేస్టేషన్ 4లో సరిగా నడవకపోయినా అమ్మారు. వారం తిరగగానే సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేసింది. 2021 జనవరిలో ఆ గేము తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ, విడుదల నిర్ణయం యాజమాన్యానిదేనని, సిబ్బందిని నిందించవద్దని వీడియోలో చెప్పాడు. తమ్ముడి పై అధికారులు ఆ ఒక్క మాట ఇంతవరకు అనలేదు.

డబ్బు పెట్టి కొన్నవాళ్ల కోపం న్యాయమే. దయచేసి విడుదల తేదీ ఖరారు చేసినవాళ్లను అడగండి.

తెల్లవారకముందే వాడు మొదటి బస్సెక్కాడు. నోటుపుస్తకం సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు.