క్రియాటినిన్ 2.0: ఆయనకొక లెక్క, ఆమెకొక లెక్క

కడపలో ఒకే ల్యాబ్‌లో భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకున్నారనుకుందాం. ఇద్దరికీ 55 ఏళ్లే, ఇద్దరికీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటకు పంపే వ్యర్థం) 2.0. కాగితం చూసి ఇద్దరిదీ ఒకటే జబ్బు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్కగట్టే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం ఆయన ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) సుమారు 39, ఆమెది 29. కిడ్నీ జబ్బులో ఆయనది 3బీ దశ, ఆమెది ఇంకా ముదిరిన 4వ దశ. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది. కండ తక్కువున్న ఆమెకు కూడా అంతే అంకె వచ్చిందంటే వడపోత అంత తగ్గిపోయిందన్నమాట.

కిడ్నీ జబ్బులో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (చురుకైన ఆక్సిజన్ ఒంటి కణాలకు చేసే చెరుపు) ఆడవాళ్లకు ఎక్కువా, మగవాళ్లకు ఎక్కువా అని లెక్క తీసేవాళ్లు మొదట తప్పేది ఇక్కడే. పోల్చడానికి ఆడ, మగ రోగులను క్రియాటినిన్ చూసి జతలు కడితే, ముదిరిన జబ్బును తీసుకెళ్లి ఆడతనం ఖాతాలో రాసినట్టవుతుంది. జత కట్టాల్సింది ఈజీఎఫ్ఆర్‌తో.

నిజమైన తేడా లేదని కాదు. ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ సూపరాక్సైడ్ డిస్మ్యుటేస్ వంటి రక్షణ ఎంజైములను పెంచుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి తోడ్పడుతుంది, చురుకైన ఆక్సిజన్‌ను పుట్టించే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేస్ అనే ఎంజైమును అణచిపెడుతుంది. అయితే కిడ్నీ పాడయ్యేకొద్దీ ఆ హార్మోనే పడిపోతుంది. నెలసరి తప్పుతుంది, చాలామందికి తొందరగానే ఆగిపోతుంది. కాబట్టి ఫారంలో 'స్త్రీ' అని టిక్కు పెడితే చాలదు. నెలసరి వస్తోందా, ఆగి ఎన్నేళ్లయింది, గర్భసంచి తీసేశారా, అండాశయాలు కూడా తీశారా అని అడిగి రాయాలి. మన పల్లెల్లో 'గర్భసంచి ఆపరేషన్ అయింది' అని చెప్పి ఊరుకుంటారు. ఈస్ట్రోజన్ పుట్టేది అండాశయాల్లో గనక అసలు తేడా వాటి దగ్గరే ఉంది.

రెండో బురిడీ యూరిక్ యాసిడ్‌ది. రక్తంలో మొత్తం యాంటీఆక్సిడెంట్ శక్తిని కొలిచే ఫ్రాప్ పరీక్షలో (593 నానోమీటర్ల దగ్గర నీలిరంగు చదువుతారు) పెద్ద వాటా యూరిక్ యాసిడ్‌దే. అది మామూలుగానే మగవాళ్లలో ఎక్కువ, కిడ్నీ జబ్బులో ఇంకా పేరుకుంటుంది. అంకె పెద్దగా రాగానే 'మగవాళ్లకు రక్షణ బాగుంది' అని రాసేస్తే నవ్వులపాలే. అదే శాంపిల్‌లో యూరిక్ యాసిడ్ కూడా కొలిచి, ఫ్రాప్ అంకెను దానితో పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక ఆక్సిడేషన్‌తో ఒంట్లో కొవ్వు ఎంత చెడిందో చెప్పే ఎండీఏ (మలోండయాల్డిహైడ్). శాంపిల్‌ను థయోబార్బిట్యూరిక్ యాసిడ్‌తో కలిపి 95 డిగ్రీల దగ్గర కాస్తే గులాబీ రంగు వస్తుంది, 532 నానోమీటర్ల దగ్గర చదువుతారు. చూడ్డానికి సులువే గానీ చెడేదీ ఇదే. సూది సన్నదై, సిరంజి గట్టిగా లాగితే ఎర్రకణాలు పగులుతాయి, ప్లాస్మా ఎర్రబారుతుంది, అంకె ఎగబాకుతుంది. అలాంటి ట్యూబును పారేసి మళ్లీ తీయడమే మేలు. రక్తం గడ్డకట్టనివ్వని ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీసి, వెంటనే ఐసులో పెట్టి, ఆలస్యం చేయకుండా ప్లాస్మా వేరుచేసి, కాచేటప్పుడు కొవ్వు కొత్తగా చెడకుండా బీహెచ్‌టీ అనే రసాయనం కలిపి, మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. అనంతపురం మే ఎండలో ట్యూబు బస్సు డిక్కీలో ఊరు దాటి వెళ్తే, తర్వాత వచ్చే అంకె రోగిది కాదు, ఎండది. షుగరున్నవాళ్లలో చక్కెరలు కూడా ఈ రంగుకు తోడవుతాయి, అదీ గుర్తుండాలి.

డయాలసిస్ రోగులకైతే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కించకముందే, మిషన్ ఎక్కకముందే రక్తం తీయాలి. నరానికి ఐరన్ ఎక్కించిన రోజు అసలు తీయకూడదు. విడి ఇనుము ఆక్సిడేషన్‌ను తానే రాజేస్తుంది. రక్తహీనత ఆడవాళ్లలో ఎక్కువ గనక ఐరన్ తీసుకునేవాళ్లూ వాళ్లలోనే ఎక్కువుండొచ్చు, తేడా అక్కడ కూడా దొంగచాటుగా దూరుతుంది. బీడీ ఎవరు కాలుస్తారు, కట్టెల పొయ్యి ముందు ఎవరు కూర్చుంటారు అన్నదీ అంతే. మొదటిది అందరూ అడుగుతారు, రెండోది ఎవరూ అడగరు.

రిపోర్టులో ఎండీఏ ఎక్కువుందని మందుల షాపులో విటమిన్ సీ 500 మిల్లీగ్రాముల బిళ్లలు కొని రోజూ మింగేవాళ్లున్నారు. మిగులు విటమిన్ సీ ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది, వడపోత తగ్గిన కిడ్నీ దాన్ని సరిగా బయటకు పంపలేకపోతుంది, అది ఒంట్లోనే పేరుకుంటుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు రోజుకు 60 నుంచి 100 మిల్లీగ్రాములు దాటనివ్వకపోవడానికి కారణం అదే. ఆడైనా మగైనా, ఈ ఒక్క విషయంలో తేడా లేదు.