నాన్నకి కనిపించే పిల్లలు
పార్కిన్సన్స్ అంటే చేతులు వణకడం, నడక నెమ్మదించడం అంతే అనుకునేవాళ్ళు చాలామంది, అందుకే ఇది రాస్తున్నా. మా నాన్నకి ఈ జబ్బే. చీకటి పడేసరికి ఆయనకి సోఫా పక్కన ఎవరో చిన్నపిల్లలు కూర్చున్నట్టు కనిపిస్తారు. ఏమీ మాట్లాడరట, ఊరికే చూస్తుంటారట. "వాళ్ళకీ కాస్త అన్నం పెట్టమ్మా" అంటారు, అదీ ఎంత మామూలుగా అంటే నాకు కడుపులో దేవినట్టయ్యేది. గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమన్నారు చుట్టాలు. కాదండీ, ఇది జబ్బులో భాగమే, పైగా వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి వాడే డోపమైన్ మందుల వల్ల కూడా ఈ భ్రమలు పెరగొచ్చు, అలాగని మనంతట మనమే మాత్రలు ఆపేస్తే ఇంకా ప్రమాదం. ఉన్నట్టుండి ఎక్కువైతే యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటిదేమైనా ఉందేమో చూపించాలి. మా న్యూరాలజిస్ట్ కొన్ని మాత్రలు తగ్గించి, రాత్రికి చిన్న డోసులో క్వెటియాపిన్ అనే, భ్రమలు తగ్గించే మందు ఇచ్చారు. లైట్లు పెందలాడే వేస్తున్నాం. వాదించకుండా "నాకు కనిపించట్లేదు నాన్నా, నేనున్నాగా" అంటే చాలు, కుదుటపడతారు. ఇంకోటి, ఏ ఆసుపత్రికి వెళ్ళినా పార్కిన్సన్స్ ఉందని ముందే చెప్పండి, భ్రమలకి మామూలుగా ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు వీళ్ళకి అస్సలు పడవు, ఉన్న కాస్త కదలిక కూడా దెబ్బతింటుంది.