మాంట్‌గోమరీలో రెండు శ్మశానాలు

అమెరికాలో టెనెస్సీ రాష్ట్రపు నాష్‌విల్ నగరంలో, బార్లతో నిండిన బ్రాడ్‌వే వీధి దగ్గర కారు పెట్టుకోవడానికే 40 డాలర్లు గుంజారు. ఆ కోపం తగ్గకముందే చెవులు హోరెత్తాయి. ప్రతి బార్‌లోనూ ఒక బ్యాండ్, తలుపులన్నీ బార్లా తెరిచి, ఒకరి పాట మీద ఇంకొకరి పాట. నేను వెతుక్కుంటూ వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లోని కంట్రీ పాటను, అంటే అమెరికా పల్లెల జానపదంలోంచి పుట్టిన పాటను. ఒక ఫిడేలు, ఒక స్టీల్ గిటారు, గొంతులో చిన్న జీర. ఆ వీధిలో అది ఎక్కడా వినపడలేదు.

పక్కనే ఉన్న రైమన్ ఆడిటోరియంలోకి వెళ్లాక ప్రాణం కుదుటపడింది. 1892లో ప్రార్థనల కోసం కట్టిన హాలు అది, కూర్చునేందుకు ఇప్పటికీ చర్చి బల్లలే. 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ పాటల కార్యక్రమం ఇక్కడి నుంచే డబ్ల్యూఎస్ఎమ్ రేడియోలో వచ్చేది. 50,000 వాట్ల స్టేషన్ కాబట్టి రాత్రిపూట ఎన్నో రాష్ట్రాలకు అందేది. ఫ్యాక్టరీ పనుల కోసం పల్లె వదిలి వెళ్లినవాళ్లకు శనివారం రాత్రి ఆ రేడియోలోనే సొంత ఊరు వినపడేది. పంచాయతీ ఆఫీసు రేడియో ముందు మా ఊరంతా కూర్చుని పాడిపంటలు విన్న రోజులు గుర్తొచ్చాయి నాకు.

1949 జూన్ 11న హ్యాంక్ విలియమ్స్ అనే 25 ఏళ్ల అలబామా రాష్ట్రపు కుర్రాడు మొదటిసారి ఓప్రీలో పాడింది ఈ వేదిక మీదే. జనం వదలకుండా మళ్లీ మళ్లీ పాడించుకున్నారట. మూడేళ్లు తిరిగేసరికి తాగుడు వల్ల అదే ఓప్రీ అతన్ని తీసేసింది. 1953 జనవరి 1న, కచేరీకి వెళ్తూ కారు వెనక సీట్లోనే చనిపోయాడు. అప్పటికి 29 ఏళ్లు.

మర్నాడు ఐ-65 హైవే మీద, హ్యాంక్ సమాధి ఉన్న అలబామా రాజధాని మాంట్‌గోమరీకి బయల్దేరాం. దాదాపు 280 మైళ్లు. "ఒక సమాధి చూడటానికి ఇంత దూరమా నాన్నా?" అని మావాడు దారంతా అడుగుతూనే ఉన్నాడు. ఓక్‌వుడ్ శ్మశానంలో హ్యాంక్ సమాధి మీద ఎత్తైన రాయి, దాని పాదాల దగ్గర రాతిలో చెక్కిన టోపీ. అభిమానులు నాణేలు, గిటారు పిక్కులు వదిలి వెళ్లారు. ఎర్రటి మొహం పెద్దాయన ఒకాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

నాకు మాత్రం ఇంకో చోటికి వెళ్లాలని ఉంది. హ్యాంక్‌కి గిటారు నేర్పింది రూఫస్ పేన్, అందరూ టీ టాట్ అని పిలిచేవారు. అలబామాలోని జార్జియానా, గ్రీన్‌విల్ ఊళ్ల వీధుల్లో పాడుకునే నల్లజాతి కళాకారుడు. ఆ పాఠాలకు బదులుగా హ్యాంక్ తల్లి అన్నం పెట్టేదని చెబుతారు. తనకు తెలిసిన సంగీతమంతా ఆయన పెట్టిన భిక్షేనని హ్యాంక్ స్వయంగా చెప్పుకున్నాడు. ఆయన 1939లో పోయాడు, శిష్యుడి పేరు మారుమోగడం చూడనేలేదు. మాంట్‌గోమరీలోనే, నల్లజాతివారి లింకన్ శ్మశానంలో పాతిపెట్టారు. తర్వాతెప్పుడో ఆయన పేరుతో ఒక రాయి నిలిపారు గానీ, సమాధి కచ్చితంగా ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆ రాయి ముందు నాకు మా హార్మోనియం మాస్టారే కనిపించారు. పౌరాణిక నాటకాలు లేని నెలల్లో మా ఇంటికొచ్చి నాకు పద్యాలు నేర్పేవారు. జీతమంటూ లేదు, భోజనమే. ఆ భోజనం కూడా ఇంట్లో పెట్టేవారు కాదు, అరుగు మీద విస్తరి వేసేవారు. ఆయన కులానికి అంతే మర్యాద అనుకునేవారు మావాళ్లు. నేను మంచినీళ్ల చెంబు తెచ్చి పైనుంచి పోసేవాణ్ణి. ఒక ఏడాది ఆయన రాలేదు. ఎందుకు రాలేదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఓక్‌వుడ్‌లో పెడదామని కొన్న పూలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. అన్నీ ఇక్కడే పెట్టేశాను. చుట్టూ ఎవరూ లేరు. మాస్టారు నేర్పిన పద్యం ఒకటి మెల్లగా ఎత్తుకున్నాను. మూడో పాదం ఎంతకీ గుర్తు రాలేదు. ఒట్టి రాగమే తీస్తూ ఉంటే మావాడు కారు దగ్గర్నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.