తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌కి

మాడ్రిడ్ రెస్టారెంట్లలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, మళ్ళీ రాత్రి తొమ్మిది దాటాక వంటగదిలో పొడవాటి వాక్యాలకు తీరిక ఉండదు. కాలిన పెనం పట్టుకుని వెనక నుంచి వచ్చేవారు "కేమో!" అని కేక వేస్తారు. అక్షరాలా "కాలుస్తాను" అని. వేడి గిన్నెతో వస్తున్నాను, తప్పుకోండి అని భావం. పిలిస్తే పలికే మాట "బోయ్!" మనం "వస్తున్నాను" అనే చోట వాళ్ళది "వెళ్తాను". రెండు పనులూ ఆ క్షణంలో జరుగుతున్నవే, అయినా రెండింటికీ సాధారణ వర్తమాన క్రియే సరిపోయింది.

గిన్నెలు కడిగే పనిలో మా దగ్గర చేరిన కరీంనగర్ కుర్రవాడికి ఇదే మింగుడు పడలేదు. ఇంగ్లీషు వ్యాకరణం బాగా చదువుకున్న పిల్లవాడు. ప్రతి మాటనూ ముందు ఇంగ్లీషులో పేర్చుకుని తరవాత స్పానిష్‌లోకి దింపుతాడు. "అక్కా, ఇప్పుడు జరుగుతున్న పనికి ఎస్తోయ్ పెట్టాలని పుస్తకంలో ఉంది. వీళ్ళెవరూ పెట్టరేమిటి?" అని అడిగాడు.

పుస్తకం చెప్పిందీ నిజమే. ఎస్తార్ అనే క్రియను మనిషిని బట్టి మార్చి, అసలు క్రియకు "ఆందో" గాని "ఇయెందో" గాని తగిలిస్తే కొనసాగుతున్న పని అవుతుంది. ఎస్తోయ్ అబ్లాందో అంటే మాట్లాడుతున్నాను, ఎస్తోయ్ కొమియెందో అంటే తింటున్నాను. రూపం నేర్వడం ఒక వారం పని. ఎక్కడ వాడకూడదో తెలియడమే కష్టం. అక్కడ ఇంగ్లీషు మనల్ని పదేపదే తప్పుదారి పట్టిస్తుంది. తెలుగువాళ్ళు స్పానిష్‌ను తెలుగుతోనే పోల్చుకుని నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మన "చేస్తాను" సంగతి చూడండి. "రోజూ ఫోన్ చేస్తాను" అంటే అలవాటు, "రేపు ఫోన్ చేస్తాను" అంటే భవిష్యత్తు. క్రియ ఒక్కటే. స్పానిష్‌లోనూ అంతే: "తె యామో తోదోస్ లోస్ దీయాస్", "మన్యానా తె యామో". ఇంగ్లీషు దారిన వచ్చినవారు రెండోదానికి భవిష్యత్ రూపం కోసం వెతుకుతూ నిలబడిపోతారు. మనం వెతకనక్కరలేదు.

అంతకన్నా అందంగా కలిసేది కూర్చోవడం, నిలబడటం దగ్గర. కుర్చీలో ఉన్న మనిషిని చూపించి "కూర్చుంటున్నాడు" అని మనం అనము, "కూర్చుని ఉన్నాడు" అంటాము. కూర్చోవడం అయిపోయింది, ఆ స్థితి మిగిలింది. స్పానిష్ కూడా "ఎస్తా సెంతాదో" అంటుంది. "ఎస్తా సెంతాందోసె" అంటే అప్పుడే కూర్చోబోతూ ఒంగుతున్నాడని అర్థం. బట్టల సంగతీ ఇలాంటిదే. నీలం చొక్కా "వేసుకున్నాడు", "వేసుకుంటున్నాడు" అనే తేడా మనకు పుట్టుకతో తెలుసు. ఒంటి మీద ఉన్న చొక్కాకు స్పానిష్‌లో "యేబా" అనే సాధారణ క్రియ చాలు. "తెలుసు", "కావాలి" అన్నవాటికి మనం "తున్న" తగిలించనట్టే వాళ్ళూ "సే", "కియెరో" అని ఊరుకుంటారు.

కలవని చోట్లూ ఉన్నాయి. "ఎల్లుండి ఊరికి వెళ్తున్నాను" అని మనం ధారాళంగా అంటాము. దాన్ని ఎస్తోయ్‌తో చెబితే స్పెయిన్‌లో తప్పు. అక్కడా "బోయ్" అనే అనాలి. ఎదుటి మనిషి చేతిలో పని చూస్తూ "కే ఆథెస్?" అంటారు. "ఏమి చేస్తావు" అన్నట్టున్నా అడిగేది "ఏమి చేస్తున్నావు" అనే. "కే ఎస్తాస్ ఆథియెందో?" అన్నా తప్పు లేదు, కాకపోతే ఆ క్షణం మీదే వేలు పెట్టి చూపినట్టు ఉంటుంది. ఉద్యోగం ఏమిటని అడగడానికి వేరే ప్రశ్న ఉంది: "ఆ కే తె దెదీకాస్?"

వంటగదిలో "ఆందో" రోజంతా మోగే మాట ఒకటుంది. గిరాకీ చెప్పిన వెంటనే వడ్డించేవారు "మర్చాందో ఉన్ బొకాదీయో దె కలమారెస్!" అని అరుస్తారు. బ్రెడ్డులో వేయించిన కలమారి (స్క్విడ్ అనే సముద్రజీవి) ముక్కలు పెట్టి ఇవ్వడం ఈ ఊరి ప్రత్యేకత. ఎస్తార్ లేకుండా ఆ రూపం ఒక్కటే నిలబడి, పని మొదలైందని చాటుతుంది. ఇక ఈక్వడార్ కొండ ప్రాంతం నుంచి వచ్చిన మా సహోద్యోగిని ఉప్పు కావాలంటే "దామె పసాందో లా సాల్" అంటుంది. "ఇవ్వు" అనే క్రియకు కొనసాగే రూపం జోడించడం స్పెయిన్‌వారికి వింత. అక్కడి ఆదివాసుల కిచువా భాష ప్రభావంతో ఆ ప్రాంతపు స్పానిష్‌లోకి వచ్చిన మర్యాద అది. నాకు మాత్రం మన "అందించి పెట్టు", "చేసి పెట్టు" విన్నట్టే ఉంటుంది. అడగడంలోని ఆ మెత్తదనం వల్ల ఆమె ఏ పని చెప్పినా భారం అనిపించదు.

వలస వచ్చినవారికి ఈ తేడా అద్దె ఇల్లు వెతికేటప్పుడు పనికొస్తుంది. "మాడ్రిడ్‌లో ఉంటున్నాను" అని మనం ఇరవై ఏళ్ళుగా స్థిరపడినా అంటాము. అదే మాటను "ఎస్తోయ్ బిబియెందో ఎన్ మద్రీద్" అని దింపితే, కొన్నాళ్ళు ఉండి పోయే మనిషి అన్న ధ్వని వస్తుంది. ఇంటి యజమాని ముందు "బీబో ఎన్ మద్రీద్" అనండి. పనికీ అంతే, "త్రబాహో".

మా ఈక్వడార్ మిత్రురాలికి 2 ఏళ్ళ చట్టబద్ధ నివాసంతో పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే వీలుంది, భాషా పరీక్ష లేదు. భారతీయులకు మామూలు గడువు 10 ఏళ్ళు. దానితో పాటు స్పానిష్ భాషా బోధనకు ప్రభుత్వం నడిపే సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే భాషా పరీక్షలో కనీసం ఎ2 అనే ప్రాథమిక స్థాయి, రాజ్యాంగం, సమాజం గురించిన 25 ప్రశ్నల పరీక్షలో 15 సరైన జవాబులు ఉండాలి. కుర్రవాడికి అదంతా దూరపు మాట. అయినా "ఎంతకాలంగా ఇక్కడ ఉంటున్నావు?" అన్న ప్రశ్న అతనికి రోజూ ఎదురవుతుంది. జవాబులో యేబార్ అనే క్రియ, కాలం, ఆ పైన "ఇయెందో" రావాలి: "యేబో సేయిస్ మేసెస్ బిబియెందో అకీ". ఆరు నెలలుగా ఇక్కడ ఉంటున్నాను. ఇంగ్లీషులో దీనికి సమానమైన వాక్యం ఏమిటని అడగబోయాడు. అడగవద్దన్నాను. తెలుగులో అనుకుని, స్పానిష్‌లో చెప్పమన్నాను. చెప్పాడు, అదీ ఒక్క పొరపాటు లేకుండా.